ఇరువై రూపాల బుగ్గ

పొద్దుగాల ఆరు కొట్టకముందే
నాగోలు మెట్రో స్టేషన్ కింద
నా మారుతి ఎయిట్ హండ్రెడ్
తాళం తిప్పితే టక్కన్నది. అంతే.
ఇంకోసారి తిప్పితే ఆ టక్కు గూడ దాసుకున్నది.

ఎనక సీట్ల ఇద్దరు, ముంగట స్టీరింగ్ పట్టుకొని లహరిక
(బ్యాంకుల పనిజేస్తదట, క్లచ్చిని ఇంకా పామును సూసినట్టు సూస్తది)
"సార్, నేనేమన్న తప్పుజేసిన్నా?" అన్నది.
పదకొండేండ్ల సంది నెత్తిన ఎల్ బోర్డు మోస్తున్న బండి,
ఎంతమంది కాళ్లకింద వణికిందో,
ఎన్ని స్పీడు బ్రేకర్ల మీద సచ్చి బతికిందో.
"నీ తప్పు గాదమ్మా" అన్న.
ముగ్గురం దిగి నూకినం, ఆమె రెండో గేరుల ఇడిసింది.
లేసింది,
నిద్ర సాలని పిల్లగాని లెక్క మూల్గుకుంట.

బ్యాటరీ కొత్తది.
రాణిగంజ్‌ల కొని నలభై దినాలు గూడ కాలే.
దానికి ముంగటిది గూడ ఇట్లనే సచ్చింది,
దాన్ని తిట్టుకుంట తిట్టుకుంట పాతసామానోనికి ఏసిన.

రామంతాపూర్‌ల ఖుద్దూస్ భాయ్ దుకాణం.
దుకాణమంటే ఒక రేకు, ఒక బల్ల,
గుత్తులు గుత్తులుగ తీగలు ఎలాడే గోడ.
బ్యానెట్ ఎత్తి మొదలైతే ఏం ముట్టుకోలే,
జరసేపు ఇన్నడు.
తర్వాత మీటరు సూదులు ఆనిచ్చిండు.
పన్నెండు.
"రేస్ దేవ్" అన్నడు. ఇచ్చిన.
పన్నెండే.
ఇంజను ఉరుకుతనే ఉన్నది,
బ్యాటరీకి బుక్కెడు ముట్టుతలేదు.

బెల్టును బొటనేలుతో ఒత్తిండు, గట్టిగనే ఉన్నది.
టెర్మినల్ మీది తెల్లటి పొట్టు వేడినీళ్లతో కడిగిండు.
ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి ఎండకు పెట్టి సూసిండు,
దొంగనోటేమో అని సూసే కిరాణ సేటు లెక్క.
ఆల్టర్నేటర్ ఇప్పి బల్లమీద పండవెట్టిండు,
కార్బన్ బొగ్గులు మంచిగనే ఉన్నయ్, మల్ల బిగిచ్చిండు.
రెండు చాయ్‌లైనయ్.
తొమ్మిది గంటల బ్యాచోళ్లది ఫోను మీద ఫోను.
నేను మనసుల ఐదువేలు ఎవర్ని అడగాల్నో
పేర్లు ఏరుకుంటున్న.

అప్పుడు డోరు కాడ వంగి అడిగిండు:
"సాబ్, తాళం తిప్పితే ఈడ లాల్ బత్తీ రావాలె. ఏది?"

నేనే పీకేసిన.
వానలకు ముంగట.
బండి బందైనప్పుడల్ల ఎర్రగ లేసేది,
నేర్చుకునేటోళ్ల చేతుల బండి బందుగాక ఏమైతది?
సార్ ఎర్రలైటు, సార్ దిగాల్నా, సార్ పేల్తదా,
ఉప్పల్ చౌరస్తా నడిమిట్ల స్టీరింగిడిసి ఏలు సూపెట్టేటోళ్లు.
చెప్పీ చెప్పీ నోరు నొచ్చి
ఒకనాడు మీటర్ల ఎనకకు చెయ్యివెట్టి గుంజి
కిటికీలకెళ్లి ఇసిరేసిన.

ఖుద్దూస్ భాయ్ నవ్వలే. తిట్టలే.
చేతులు తుడ్సుకుంట సగం ఉర్దూల సగం తెలుగుల చెప్పిండు:
ఆల్టర్నేటర్ కడుపుల సొంత అగ్గి ఉండది సాబ్.
ఎవలో జర నిప్పు ఇయ్యాలె, తర్వాత అదే ఎలిగించుకుంటది.
ఆ బుగ్గలకెళ్లి పోయేదే ఆ నిప్పు.
లేపేటోన్ని తీసి పారేస్తివి,
అదెట్ల లేస్తది?

ఇంట్ల అండాలు గూడ
ఇయ్యాల ఎంతొచ్చింది, కిస్తు కట్టినవా అని అడుగుడు
నేను ఒక్కసారి గట్టిగ ఒర్లినంక బందువెట్టింది.
మస్తు దినాలైంది.
ఆ ముచ్చట ఆడ ఎందుకు యాదికొచ్చిందో.

గోలీకాయ కంటే చిన్న బుగ్గ, ఇరువై రూపాలు.
బిస్కెట్ల డబ్బాలకెళ్లి తీసి తొడిగిండు.
తాళం తిప్పితే ఎర్రగ.
సెల్ఫ్ కొడితే పోయింది.
మీటరు మీద పద్నాలుగు పాయింట్ రెండు.

తెల్లారి లహరిక మల్లొచ్చింది.
సీటు ముందుకు జరుపుకొని, చున్నీ ముడేసుకొని
తాళం తిప్పి రెండు చేతులు పైకి లేపింది:
"సార్! ఎర్రలైటొచ్చింది!"

"రానియ్యమ్మా" అన్న.
"రావాలె. వచ్చి పోవాలె.
రానినాడు నాకు చెప్పు."